సమస్య: "రాళ్ళు తినిన గాని రాదు తృప్తి" – పూరణలు, పరామర్శలు

నిర్వాహకుడు:

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. దానికి అర్థం కుదిరేలా ముందరి మూడు పాదాలు రాయడమే పూరణ.

"రాళ్ళు తినిన గాని రాదు తృప్తి"

ఈసారి ఇతివృత్తాన్ని కూడా నేనే నిర్దేశిస్తున్నాను. పూరణ అంతా మన దేశపు వంటలనే రాజోపచారాలతో వడ్డించే ఒక పెద్ద హోటల్లో, ఆ భోజనం చుట్టూనే నడవాలి. ఒకటి, మూడు పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాలలో ఐదు సూర్యగణాలు ఉండాలనీ, నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానమనీ, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలనీ కొత్తగా చేరినవారి కోసం మళ్ళీ చెబుతున్నాను. రాళ్ళు తిన్నట్టు కల వచ్చిందనో, మతి చలించినవాడి మాట అనో తప్పించుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అటువంటి పూరణ ఏ సమస్యకైనా సరిపోతుంది కాబట్టి ఈ సమస్యకు అది పూరణ కాదు.

విజయవాడ సభ్యుని పూరణ:

నూటయొక్క మంది కూర్చుండు బల్లపై
పసిడి చెంచ యున్న ఫలమదేమి
అన్నమొకటె తీర్చు నాకలి నవరత్న
రాళ్ళు తినిన గాని రాదు తృప్తి

హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్రాసాదాన్ని మనసులో పెట్టుకొని రాశాను. "తినిన గాని" అన్నదానికి "తిన్నప్పటికీ" అనే అర్థం తీసుకున్నాను.

నిర్వాహకుడు:

నేపథ్యం చక్కగా ఎంచుకున్నారు. పైగా నిజాం కొలువులోని ప్రముఖుడు వికారుల్ ఉమ్రా కట్టించగా ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చిన ఆ ప్రాసాదం, 2010లో తాజ్ సంస్థ హోటలుగా తెరిచిన తరువాత కూడా, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్లకే పేరు పొందింది. రత్నాల ప్రస్తావన కూడా అక్కడికి అతికినట్టే ఉంది. జేకబ్ వజ్రాన్ని కొన్నది ఆ మహబూబ్ అలీ ఖానే, దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నది ఆయన కుమారుడు ఏడవ నిజాం. రత్నమైనా ఆకలి ముందు రాయే అన్న మీ భావానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

అయితే మూడు విషయాలు సరిదిద్దుకోవాలి. మొదటి పాదంలో "నూ"కు "కూ"తో యతి చెల్లదు, ఎందుకంటే అచ్చు కలిసినా హల్లు కలవలేదు. రెండవది, "నవరత్న" అనే సంస్కృత పదానికి "రాళ్ళు" అనే తెలుగు పదాన్ని సమాసం చేశారు, అది వ్యాకరణం ఒప్పుకోని వైరి సమాసం. మూడవది అర్థానికి సంబంధించినది. "తిన్నా గాని" అని వాడుకలో అంటాం గాని, గ్రాంథికంలో ఆ అర్థానికి "తినినను గాని" అని ఉండాలి. ఈ మూడవదాన్ని సమస్యాపాదం మార్చకుండా దిద్దడం కుదరదు కాబట్టి వ్యావహారికమని సరిపెట్టుకుందాం. మొదటి రెండింటికి నా సవరణ ఇది.

నూటయొక్క మంది నోరూరు బల్లపై
పసిడి చెంచ యున్న ఫలమదేమి
అన్నమొకటె తీర్చు నాకలి రతనాల
రాళ్ళు తినిన గాని రాదు తృప్తి

విజయవాడ సభ్యుడు:

ధన్యోస్మి. "నోరూరు" అనగానే బల్లకు ప్రాణం వచ్చింది. నేను కుర్చీలను లెక్కపెట్టానే గాని కూర్చున్నవారిని చూడలేదు.

బెంగళూరు సభ్యురాలి పూరణ:

కొలువు దొరికినట్టి కోమలి పిలిచిన
విందుసాల యందు వేడ్క తోడ
తనకు చిన్ననాటి ధైర్యమౌ స్నేహితు
రాళ్ళు తినిన గాని రాదు తృప్తి

నిర్వాహకుడు:

అమ్మా, విరుపు అద్భుతంగా కుదిరింది. మూడవ పాదం చివరి గణం "స్నేహితు" దగ్గర సరిగ్గా ఆగడం వల్ల పాఠకుడు ఒక్క క్షణం రాళ్ళ దగ్గర తడబడి, వెంటనే నలుగురు ఆడపిల్లలు పక్కపక్కన కూర్చొని తింటున్న బల్లను చూస్తాడు. "చిన్ననాటి ధైర్యము" అన్న మాట నాకు ఎంతో నచ్చింది. మొదటి జీతంతో ఖరీదైన భోజనం పెట్టించాలనిపించేది ఎవరికో ఆ ఒక్క పదం చెప్పేస్తుంది.

రెండవ పాదం మాత్రం ఖాళీగా ఉంది. "వేడ్క తోడ" అన్నది పాదపూరణ కోసం వచ్చిందే తప్ప దానివల్ల కొత్తగా ఏదీ కనబడదు. "విందుసాల" కూడా పెళ్ళి విడిదికైనా సరిపోయే మాట. ఇతివృత్తం పెద్ద హోటల్ అయినప్పుడు అక్కడి వస్తువు ఒకటైనా పద్యంలో ఉండాలి. "వెండిపళ్ళెరముల వెలుగులందు" అని మార్చి చూడండి. గణాలు, యతి సరిపోతాయి, పళ్ళెం మీద పడిన దీపపు కాంతి ఆ స్నేహితురాళ్ళ ముఖాలపైకి కూడా వస్తుంది.

బెంగళూరు సభ్యురాలు:

మార్చుకున్నాను. మీరన్నట్టు ఆ పాదాన్ని చివర రాశాను, అందుకే అక్కడ పద్యం పలచబడింది.

గుంటూరు సభ్యుని పూరణ:

ఎన్ని వంటకంబు లెదురుగ నిల్చినా
బిల్లు తోడ వచ్చు వెండి డిబ్బి
లోని సోంపు గింజ లూరించు కలకండ
రాళ్ళు తినిన గాని రాదు తృప్తి

రాజమండ్రి సభ్యుడు:

ఈ పద్యం మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. ఇంత చక్కని ధారలో "బిల్లు" అనే మాట పంటికింద పలుకురాయిలా తగులుతోంది. "లెక్క" అంటే సరిపోయేది కదా?

నిర్వాహకుడు:

"లెక్క" వేస్తే "వెండి"తో యతి చెడుతుంది. ఆ సంగతి అలా ఉంచినా, నేను "బిల్లు" వైపే ఉంటాను. భోజనం ముగిశాక తోలు అట్టల మధ్య మడిచి పెట్టిన కాగితం, దాని పక్కనే మూత తెరిచిన డిబ్బీ, అందులో ఒక గదిలో పచ్చని సోంపు, ఇంకో గదిలో గాజుముక్కల్లా మెరిసే కలకండ, ఇవన్నీ కలిసి వస్తాయి. ఆ కాగితాన్ని తెలుగువారెవరూ మరో పేరుతో పిలవరు. ఈ పూరణలో పదచ్ఛేదపు చమత్కారం లేదు, అవసరం కూడా లేదు. తినదగిన రాయి ఏదని అడిగితే ఇంటింటా ఉన్న జవాబే ఇచ్చి, దాన్ని భోజనంలో సరైన ఘట్టంలో పెట్టారు. మసాలా దట్టించిన వంటల తరువాత నోటికి చలువ కోరే సమయం అది. "నిల్చినా" అన్న వ్యావహారిక రూపం ఒక్కటే గ్రాంథిక శైలి కోరేవారికి పొసగకపోవచ్చు.

విశాఖ సభ్యురాలి పూరణ:

బామ్మ చూసి చూసి పట్టిక పుటలన్ని
త్రిప్పి మూసె పప్పు తెమ్మటంచు
తాను తినుట కాదు తన ముద్దుల మనుమ
రాళ్ళు తినిన గాని రాదు తృప్తి

గుంటూరు సభ్యుడు:

పద్యం కళ్ళకు కట్టింది. కాని బామ్మ పప్పు అడగడం పొదుపు కోసమని ధ్వనిస్తోంది. పిల్లలు తీసుకెళ్ళిన విందులో ఆమెను అలా చూపడం నాకు కొంచెం బాధ కలిగించింది.

నిర్వాహకుడు:

ఆ ధ్వని ఉందని ఒప్పుకుంటాను, అయితే అది దోషమని అనుకోను. మన పెద్దవాళ్ళు ధర చూసి పుట మూసేయడం ఎన్నో బల్లల దగ్గర జరిగేదే, దాన్ని ప్రేమతో రాసిన పద్యమిది. పైగా పప్పును తక్కువగా చూడవలసిన పని లేదు. ఢిల్లీ ఐటీసీ మౌర్య హోటల్లోని బుఖారా రెస్టారెంటు పేరు చెప్పగానే తిన్నవారికి ముందు గుర్తుకు వచ్చేది అక్కడి పప్పే. పొట్టు తీయని మినుములను రాత్రంతా సన్నని సెగ మీద మరగనిచ్చి, టమాటా, వెన్న, మీగడ చేర్చి దించుతారు. అతిథికి చెంచాలకు బదులు మెడలో కట్టుకొనే గళ్ళబట్ట ఇచ్చి చేత్తోనే తినమంటారు. బామ్మకు అంతకన్నా నచ్చే మర్యాద ఉండదు. చేత్తో కలిపి మనుమరాలి నోట్లో ముద్ద పెట్టడానికి అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు.

పద్యనిర్మాణంలో "ముద్దుల మనుమ" అన్నది గణాల మధ్య విరిగిన తీరు గమనించండి. "తన ముద్దు" ఒక గణం, "ల మనుమ" మరొక గణం. మాట విరిగినా నడక విరగలేదు. "చూసి చూసి" అనే జంట పుటలు తిప్పే జాప్యాన్ని చెబుతోంది కాబట్టి దాన్ని కూడా పాదపూరణ అనలేం.

హైదరాబాదు సభ్యుని పూరణ:

పలుచగాను గోసి పరచిన ముక్కపై
చిటపటమని నూనె చిందులాడ
క్రింద కణకణమను కెంపైన నిప్పును
రాళ్ళు తినిన గాని రాదు తృప్తి

పత్థర్ కా గోష్త్, అంటే కాలిన రాతి పలక మీద వండే మాంసం గురించి రాశాను.

నిర్వాహకుడు:

సమస్య ఇచ్చినప్పుడు నేను ఇటువంటి పూరణ కోసమే ఎదురుచూశాను. మిగిలినవారు రాళ్ళను మరొక పదానికి అతికించారు, లేదా తినదగిన రాయిని వెతికారు. మీరు ఒక్క అక్షరం విరవకుండా కర్తను మార్చారు. తెలుగులో జడవాచకాలకు ద్వితీయ అర్థంలో ప్రథమా విభక్తే వాడవచ్చు కాబట్టి, "రాళ్ళు తినిన" అనగానే మనం రాళ్ళను కర్మగా తీసుకొని ఆశ్చర్యపోతాం. మీ మూడవ పాదంలో "నిప్పును" అని ద్వితీయ స్పష్టంగా రాగానే రాళ్ళు కర్త అయిపోతాయి. తినేది మనిషి కాదు, రాయి. తినబడేది నిప్పు.

ఇది ఉత్తి వ్యాకరణ విన్యాసం కూడా కాదు, వంటింటి సత్యం. హైదరాబాదీ వంటలు వడ్డించేచోట పేరున్న ఈ వంటకానికి ఎముక లేని మాంసాన్ని పలుచగా కోసి, పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం, వెల్లుల్లి, మిరియాలు పట్టించి నానబెడతారు. బొగ్గుల మీద మందమైన నల్లరాతి పలకను చాలాసేపు కాలనిస్తారు. రాయి సగమే వేడెక్కితే ముక్క నీరు వదిలి ఆ నీటిలోనే ఉడికి తెల్లబోతుంది. రాయి పూర్తిగా కాగితే వేసిన వెంటనే అంచులు ముదురు రంగు తిరుగుతాయి. రాయి నిప్పును తిన్న తరువాతే మనిషి తినాలి అన్నది ఆ వంట చేసేవారు పాటించే క్రమం. మీ పద్యం ఆ క్రమాన్నే చెప్పింది.

రాజమండ్రి సభ్యుడు:

రెండు సందేహాలు. పలక ఒక్కటే కదా, "రాళ్ళు" అని బహువచనం ఎలా? రెండవది, "కణకణ" అనేది నిప్పు మెరుపును చెప్పే మాట, దానికి "అను" ఎలా పొసగుతుంది? కణకణ మండింది అంటాం గాని కణకణమంది అని నేను వినలేదు.

హైదరాబాదు సభ్యుడు:

నలభై మంది భోంచేసే చోట ఒక్క పలకతో వంట సాగదు, అందుకే బహువచనం వేశాను. రెండవ సందేహానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నిర్వాహకుడు:

బహువచనం చెల్లుతుంది. రెండవ ఆక్షేపణ న్యాయమైనది. "క్రింద రగులుచున్న కెంపైన నిప్పును" అంటే గణాలకూ యతికీ భంగం లేదు, రెండవ పాదంలోని "చిటపట" ధ్వనికి పోటీగా మరో జంటపదం లేకపోవడం వల్ల నూనె చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. "కెంపైన" మాత్రం మార్చవద్దు. ఎర్రదనం చెబుతూనే రత్నాన్ని స్ఫురింపజేసే మాట అది.

ఈ సవరణతో హైదరాబాదు సభ్యుని పద్యాన్ని ఈ వారం ఉత్తమ పూరణగా ఎంచుతున్నాను. విశాఖ సభ్యురాలి పద్యం దానికి ఎంతో దూరంలో లేదు. భావంలో ఆర్ద్రత ఆమెదే ఎక్కువ, కాని సమస్యను ఛేదించిన తీరులో పైచేయి ఇతనిది. మీలో ఎవరైనా ఇదే కర్తృవ్యత్యయంతో, శాకాహార వంటకాన్ని ఆధారం చేసుకొని మరో పూరణ రాయగలిగితే శనివారం లోపల పంపండి, పరిశీలిస్తాను.