సందేహం: గోల్ఫ్‌లో డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడవాటి కర్రతో) కొడితే బంతి కుడికి తిరిగిపోతోంది, ఏ డ్రైవర్ తెప్పించుకోవాలి?

అడిగినవారు (ఒంగోలు):
అన్నలూ, ఇక్కడ గోల్ఫ్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. చెన్నైలో ఉద్యోగం చేసేటప్పుడు అలవాటైన ఆట. ఇప్పుడు ఊరికి వచ్చేశాను, మా దగ్గర కోర్సు (ఆడే మైదానం) లేదు. మేడ మీద వల కట్టుకుని కొడుతుంటాను, పని మీద చెన్నై వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల వెంట ఆడొస్తాను. ఐరన్లు (సన్నటి తల ఉండే పొట్టి కర్రలు) బాగానే పోతాయి. డ్రైవర్ పట్టుకుంటే మాత్రం బంతి కుడికి వంగి వంగి చెట్లలో పడుతుంది. నాది కుడిచేతి వాటం. డ్రైవర్ లాఫ్ట్ (ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, వెనక్కి వాలిన కోణం) 9 డిగ్రీలు, స్టిఫ్ షాఫ్ట్ (తక్కువ వంగే గట్టి కాడ), అమెరికాలో మా బావమరిది వాడి పక్కన పెట్టింది. సంక్రాంతికి వస్తున్నాడు, "ఏది కావాలో చెప్పు బావా, తెస్తా" అంటున్నాడు. స్లైస్ (బంతి ఇలా కుడికి వంగడం) రాని డ్రైవర్ అని ప్రకటనల్లో చూపిస్తున్నారు. నమ్మొచ్చా?

కావలి నుంచి:
డ్రైవర్ మారిస్తే చేతులు మారతాయా అన్నా? ముందు ఎవరైనా కోచ్‌కి చూపించండి.

నెల్లూరు నుంచి:
కావలి అన్న చెప్పింది సగం నిజం. మిగతా సగం తప్పు ఆ 9 డిగ్రీల డ్రైవర్‌దే. బంతి ఎటు బయల్దేరుతుందనేది చాలావరకు ఫేస్ ఎటు చూస్తోందో దాన్ని బట్టి ఉంటుంది. ఎటు వంగుతుందనేది క్లబ్ (కర్ర) వచ్చే దారికీ ఫేస్‌కూ మధ్య తేడాను బట్టి. ఆ దారి కంటే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే స్లైస్. ఐరన్లతో కూడా మీరు అదే చేస్తూ ఉండొచ్చు. కానీ 7 ఐరన్‌కు లాఫ్ట్ 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, వెనక్కి తిరిగే స్పిన్ ఎక్కువ, పక్కకు వంగడం పెద్దగా కనబడదు. 9 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అంతా బయటపడుతుంది.

బావమరిదికి చెప్పేముందు రెండు విషయాలు తేల్చుకోండి, రెండూ మీ మేడ మీదే తేలతాయి. వల దగ్గరగా ఉంటుంది కాబట్టి వంపు కనబడదు, బయల్దేరిన దిక్కు మాత్రం తెలుస్తుంది. మీరు గురి పెట్టే చోట వల మీద ఎర్ర దారం నిలువుగా కట్టండి. బంతి వెనక వైట్‌బోర్డ్ మార్కర్‌తో పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్‌కు ఎదురుగా ఉండేలా టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద ఉంచి కొట్టండి. తగిలిన చోట ఫేస్ మీద మచ్చ పడుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది.

మచ్చలు షాఫ్ట్ వైపు, అంటే హీల్ మీద పడుతుంటే కొత్త డ్రైవర్‌కు డబ్బు పెట్టకండి. అక్కడ తగిలితే ఫేస్ సరిగ్గా ఉన్నా గేర్ ఎఫెక్ట్ (మధ్యలో తగలకపోతే క్లబ్ తల మెలి తిరిగి బంతికి పక్క స్పిన్ ఇవ్వడం) వల్ల బంతి కుడికే తిరుగుతుంది. గ్రిప్ ఒక అంగుళం కిందికి పట్టుకుని కొట్టి చూడండి, ఖర్చు లేదు. మచ్చలు మధ్యలో ఉండి బంతి దారానికి కుడివైపు తగులుతుంటే ఫేస్ తెరుచుకునే వస్తోందని అర్థం. డ్రా బయస్ (బంతిని ఎడమకు తిప్పేలా చేసిన) డ్రైవర్ బాగా పనికొచ్చేది ఈ కేసులోనే. దాంట్లో బరువు హీల్ వైపు ఎక్కువ పెడతారు, ఫేస్ తొందరగా మూసుకుంటుంది. బంతి దారానికి ఎడమకు తగులుతుంటే మాత్రం కావలి అన్న మాటే వినాలి. మీ క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తున్నట్టు. అప్పుడు ఈ డ్రైవర్ తెచ్చుకుంటే బంతి వంగకుండా నేరుగా ఎడమ పొదల్లోకి పోతుంది.

ఇంకోటి, పాత డ్రైవర్ మెడ (తలలోకి షాఫ్ట్ దిగే చోటు) కింద స్క్రూ ఉందేమో చూడండి. ఉంటే లాఫ్ట్ పెంచుకోవచ్చు. అలా పెంచితే ఫేస్ కూడా కాస్త మూసుకుంటుంది.

అడిగినవారు:
చూశానన్నా. మచ్చలు దాదాపు మధ్యలోనే. బంతులు పదింటికి ఏడెనిమిది దారానికి కుడివైపు. స్క్రూ ఉంది, రెంచ్ లేదు.

నెల్లూరు నుంచి:
అయితే తెప్పించుకోండి. డ్రా బయస్, 10.5 డిగ్రీలు లేదా 12, రెగ్యులర్ షాఫ్ట్ (స్టిఫ్ కంటే ఎక్కువ వంగేది). పింగ్ జీ430 ఎస్ఎఫ్‌టీ, టేలర్‌మేడ్ స్టెల్త్ హెచ్‌డీ, కాలవే రోగ్ ఎస్టీ మ్యాక్స్ డీ, ఈ మూడూ ఆ రకమే. కొత్త మోడల్ కోసం పట్టుబట్టకండి, సెకండ్ హ్యాండ్ చాలు. పెద్ద హెడ్ అని ఊరించే ప్రకటనలు పట్టించుకోవద్దు, నిబంధనల ప్రకారం 460 సీసీ దాటకూడదు, ఇలాంటి డ్రైవర్లు చాలావరకు అంతే ఉంటాయి. రెంచ్ కూడా తెమ్మనండి. మామూలు స్క్రూడ్రైవర్‌తో కెలికితే స్క్రూ తల అరిగిపోతుంది.

చెన్నై నుంచి (మాది ఉదయగిరి):
ఈలోపు పట్టు చూసుకోండి. క్లబ్ పట్టుకుని కిందికి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండు మూడు కనబడాలి. ఒక్కటే కనబడుతుంటే చేతిని కొంచెం కుడికి తిప్పి పట్టుకోండి. కుడికి పోతుంది కదా అని ఎడమకు తిరిగి నిలబడి కొట్టడం మానేయండి. అలా నిలబడితే క్లబ్ ఇంకా అడ్డంగా వస్తుంది, స్లైస్ ఇంకా పెరుగుతుంది. మా క్లబ్బులో సగం మంది జబ్బు ఇదే.

కావలి నుంచి:
మేడ మీద ఏ వల కట్టారన్నా? క్రికెట్ నెట్ అయితే కన్నం చూసుకోండి. గోల్ఫ్ బంతి అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లు, కాస్త పెద్ద కన్నమైతే దూరిపోయి పక్కింటి కిటికీ మీద పడుద్ది.

అడిగినవారు:
చేపల వల అన్నా, సన్న కన్నం, రెండు మడతలు. వెనక టార్పాలిన్ వేలాడదీశాను. డ్రైవర్ విమానంలో ఎట్టా తేవాలి? సూట్‌కేసులో పట్టేట్టు లేదు.

చెన్నై నుంచి:
క్యాబిన్‌లోకి రానివ్వరు, చెకిన్‌లోనే వేయాలి. హెడ్ విప్పి బట్టల మధ్య సూట్‌కేసులో పెట్టమనండి. షాఫ్ట్ మూడున్నర అడుగుల పైనే ఉంటుంది, గట్టి అట్ట గొట్టంలో పెట్టి రెండు చివర్లా టేపు వేయాలి. దాన్ని విడి లగేజీగా లెక్కేస్తారేమో టికెట్ తీసుకున్న ఎయిర్‌లైన్స్‌ను ముందే అడగమనండి.

అడిగినవారు:
సరే, బావమరిదికి ఫోన్ చేస్తున్నా. 10.5 చెప్తాను.