మార్కో పోలో మోటుపల్లిలో నిజంగా అడుగుపెట్టాడా?

కృష్ణాతీరం:
రుద్రమదేవి ప్రస్తావన వచ్చినచోటల్లా "ఆమె కాలంలో వెనిస్ వర్తకుడు మార్కో పోలో మోటుపల్లి రేవును సందర్శించాడు" అన్న వాక్యం కనిపిస్తుంది. అంత ధీమాగా రాయడం తప్పని నా వాదన. తేదీలు చూడండి. చైనా నుంచి అతని ఓడ బయలుదేరింది 1291 చివర్లోనో 1292 మొదట్లోనో. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే రుద్రమ మరణించింది. పోలో మాత్రం రాణి ఇంకా ఏలుతున్నట్టే చెబుతాడు. పైగా ఆమె రాజు భార్య అనీ, భర్త పోయాక 40 ఏళ్లుగా పాలిస్తోందనీ అంటాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె. భర్త, నిడదవోలు చాళుక్య వీరభద్రుడు, కాకతీయ సింహాసనం ఎక్కనేలేదు. ఆ రేవులో దిగి నలుగురితో మాట్లాడిన మనిషికి ఇంత ముఖ్యమైన సంగతి తెలియకుండా ఉంటుందా?

చీరాల నేత:
చందుపట్ల శాసనాన్ని కాదనను. కానీ అతడు మన సముద్రానికి ఒక్కసారే వచ్చాడని మీరు ఎందుకు అనుకుంటున్నారు? పారశీకాన్ని ఏలే అర్గూన్‌కు వధువుగా కోకచిన్ రాకుమారిని తీసుకెళ్లడానికి ముగ్గురు రాయబారులు కుబ్లై ఖాన్ దగ్గరకు వచ్చారు. మార్కో అప్పుడే హిందూ దేశపు సముద్రయానం ముగించుకుని వచ్చాడనీ, అందుకే పోలోలను తమతో పంపమని వాళ్లు ఖాన్‌ను కోరారనీ అతని గ్రంథంలోనే ఉంది. ఆ మొదటి ప్రయాణం రుద్రమ బతికి ఉండగానే జరిగి ఉండవచ్చు. ఆ ముగ్గురి పేర్లూ 1290 నాటి చైనా ప్రభుత్వ పత్రంలో ఉన్నట్టు 1941లో యాంగ్ జిజియు అనే చరిత్రకారుడు బయటపెట్టాడు. కాబట్టి గ్రంథంలోని ఆ భాగాన్ని కట్టుకథ అనలేం.

ఇక బట్టల సంగతి. సాలెగూడులా పలుచగా ఉండే నూలుబట్టలు ఇక్కడ నేస్తారనీ, ఏ రాజైనా రాణి అయినా వాటిని సంతోషంగా ధరిస్తారనీ రాశాడు. మగ్గాల మధ్య పుట్టిన నాకు ఆ మాటలు చేత్తో తాకి చూసినవాడివే అనిపిస్తాయి. వానలు పడ్డాక వాగుల్లో వజ్రాలు ఏరుకుంటారని కూడా చెప్పాడు. జొన్నగిరి, వజ్రకరూరు చేలలో తొలకరికి జనం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

శాసన పాఠకుడు:
బట్టను తాకాలంటే మోటుపల్లి దాకా రావాలా? ఆ సరుకు ఓడలెక్కి చాలా రేవులకు వెళ్లేది. అదే అధ్యాయంలో పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా పైకి తెస్తాయని కూడా ఉంది. సైప్రస్ బిషప్ ఎపిఫేనియస్ 4వ శతాబ్దంలోనే మరో రత్నం గురించి దాదాపు ఇదే కథ రాశాడు. అది నావికుల నోట తిరిగిన కథ.

నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది మరొకటి. పోలో రాజ్యానికి రేవు పేరే పెట్టాడు. ఓరుగల్లు ఊసే లేదు. రాజధానిని ఎరగక రేవును మాత్రమే ఎరిగినవాళ్లెవరు? ఓడ సరంగులు, బేరగాళ్లు. సింహళం, తమిళ తీరం, కొల్లం మీదుగా పడమటికి వెళ్లే ఓడకు మోటుపల్లి దారిలో తగలదు. తమిళ తీరపు రేవుల్లో విన్నది రాశాడని నా నమ్మకం.

అలా అని దాని విలువేమీ తగ్గదు. ఆ రాణి న్యాయం, శాంతి కోరేదనీ, ప్రజలు ఏ పాలకుడినీ అంతగా ప్రేమించలేదనీ రాశాడు. దూరపు రేవుల్లో వర్తకులు ఆమెను అలా తలచుకున్నారంటే కారణం ఉంది. పూర్వపు రాజులు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కునేవారు. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి అభయశాసనం వేయించి ఆ అలవాటు మాన్పించాడు. సుంకం ముప్పైవ వంతే అన్నాడు. ఆ అభయం ఇచ్చిన భరోసాతోనే ఆ పేరు అంత దూరం వెళ్లింది. పాఠ్యపుస్తకంలో "సందర్శించాడు" తీసేసి "మోటుపల్లి గురించి రాశాడు" అంటే సరిపోతుంది.

చీరాల నేత:
దానికి ఒప్పుకోలేను. ఓడ రాదని మీరు అంటున్నది తిరుగు ప్రయాణం గురించి. ఖాన్ పంపిన మొదటి ప్రయాణం ఏయే రేవులు తాకిందో గ్రంథంలో లేదు. రాలేదని తేల్చే ఆధారం మీ దగ్గరా లేదు కదా! "సందర్శించి ఉండవచ్చు" అని రాయండి, నాకు చాలు.

కృష్ణాతీరం:
"ఉండవచ్చు" అన్నదానికి నేను సిద్ధమే. కానీ 40 ఏళ్ల వైధవ్యం సంగతి మీరింకా చెప్పలేదు.