ఈ వారం సమస్య: కరియె లేదు గాని కరము దిగెను

నిర్వాహకుడు, మైలాపూరు:
ఇది ఆటవెలదిలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. కరి అంటే ఏనుగు, కరము అంటే దాని తొండం. విషయం సుడిగాలులు, మబ్బు నుంచి వేలాడే తొండాలు. పద్యం ఎంత సొగసుగా ఉన్నా, గాలి చేసే పని తప్పుగా చెబితే ఊరుకోను. యతి సంగతి చెప్పనే అక్కర్లేదు. కత్తిరి ఎండల్లో ఎలాగూ బయటికి వెళ్లలేం, రాయండి.

తిరువాన్మియూరు అక్కయ్య:
సంద్రమందు నీరు జలదమ్ము త్రాగంగ
చేప కూడ పైకి జేరి పోయె
ఇంద్రు డంపినట్టి యేనుగో యనుకొంటి
కరియె లేదు గాని కరము దిగెను

నిర్వాహకుడు:
అక్కయ్యగారూ, మూడో పాదం భలే పడింది. ఐరావతం నీళ్లు తోడి మబ్బులకు అందిస్తుందనే పురాణ కల్పన గుర్తొచ్చింది. "అనుకొంటి" అన్నారు కాబట్టి సమస్య కూడా ఇబ్బంది లేకుండా అతికింది. చిక్కంతా మొదటి పాదంతోనే. మబ్బు సముద్రాన్ని తాగదు.

తిరువాన్మియూరు అక్కయ్య:
మరి ఆ తొండంలో తెల్లగా కనబడేది నీరు కాదా అండీ?

పెరంబూరు మాస్టారు:
నీరేనమ్మా, కానీ సముద్రపు నీరు కాదు. సుడి నడిమధ్య గాలి పీడనం పడిపోతుంది. అందులోకి చొరబడిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, దానిలోని ఆవిరి సన్నటి తుంపరలుగా మారుతుంది. మబ్బు తయారయ్యేదీ ఇలాగే కనుక తొండం కూడా మబ్బులో ముక్కే. ఉప్పునీటి జల్లు చిమ్మేది అడుగునే. అలా వేలాడేది నేలను తాకితే టోర్నడో అంటారు, నీటిని తాకితే జలస్తంభం. ఇక నా పూరణ:

కడలి మీద మొయిలు గట్టిగా పెరుగంగ
నీటి పైన సుడియు నిలిచి తిరిగె
చల్లబడిన యావి సన్నగా వ్రేలాడె
కరియె లేదు గాని కరము దిగెను

నిర్వాహకుడు:
మాస్టారూ, "గట్టిగా పెరుగంగ" కొంచెం వచనంలా ఉంది. కానీ రెండు, మూడు పాదాల వరస చూడండి: ముందు నీటి మీద సుడి, తర్వాతే తొండం. ఉరుములూ మెరుపులూ లేకుండా పెరిగే మబ్బుల కింద పుట్టే జలస్తంభాల్లో జరిగేది ఇదే. రెండు వైపుల గాలులు ఒరుసుకునే చోట నీటి దగ్గరే తిరుగుడు మొదలవుతుంది. పైన మబ్బు పెరుగుతూ గాలిని పైకి లాగితే ఆ తిరుగుడు సాగి సన్నబడుతుంది. తాడుకు కట్టిన రాయిని తిప్పుతూ తాడు కురచ చేస్తే వేగం పెరుగుతుందే, అలా సన్నబడిన కొద్దీ జోరు హెచ్చుతుంది. తొండం ఇంకా సగంలో ఉండగానే విమానం నుంచి చూసేవాళ్లకు నీటి మీద గుండ్రటి నల్లమచ్చ కనబడుతుంది. అంటే "దిగెను" అన్నది మన కంటికి మాత్రమే. గాలి అక్కడ పైకే పోతోంది.

తాంబరం కుర్రాడు:
నాది సముద్రం కాదు, మా గ్రౌండు. మిట్టమధ్యాహ్నం ఎండుటాకులూ చాక్లెట్ కాగితాలూ ఒక్కసారిగా గిర్రున లేస్తాయి, ఓ ప్లాస్టిక్ కవరు మేడ ఎత్తుకు వెళ్లి అక్కడే తిరుగుతూ ఉంటుంది.

ఎండ కాసి నేల యెర్రగా కాలంగ
దుమ్ము లేచి తిరిగె దొంగవోలె
మబ్బు లేని చోట మధ్యాహ్న సూర్యుని
కరియె లేదు గాని కరము దిగెను

నిర్వాహకుడు:
కరాన్ని కిరణం చేశావు, బావుంది తమ్ముడూ. కానీ "సూర్యుని" ఒక పాదంలో, "కరము" ఇంకెక్కడో. మధ్యలో ఏనుగు అడ్డం పడింది! చదివేవాడు "సూర్యుని కరి" అనుకుని తికమకపడతాడు.

పెరంబూరు మాస్టారు:
"మబ్బు లేని మింట మార్తాండు డుండంగ" అంటే సరిపోతుంది కదా. "దొంగవోలె" మాత్రం యతి కోసం వచ్చిన దొంగే.

తాంబరం కుర్రాడు:
మార్చేశాను మాస్టారూ, థాంక్స్. దొంగని మాత్రం ఉండనివ్వండి.

నిర్వాహకుడు:
మబ్బు లేదనడం ముఖ్యమైన మాట. దుమ్ముసుడికి మబ్బుతో పనిలేదు. కాలిన నేలను ఆనుకున్న పలచటి గాలిపొర ఉన్నట్టుండి పైకి ఎగుస్తుంది, ఆ ఖాళీలోకి చుట్టుపక్కల గాలి దూసుకొస్తుంది. కొద్దిపాటి మెలిక ఉంటే చాలు, సుడి కట్టేస్తుంది. కింది మంట చల్లారగానే కూలిపోతుంది. సముద్రమే లేని అంగారకుడి మీద కూడా ఇవి తిరుగుతాయి, 2005లో స్పిరిట్ రోవర్ వాటిని ఫొటోలు తీసింది.

వేళచ్చేరి వాసి:
కరము అంటే ఇంటిపన్ను అని రాద్దామనుకున్నాను. ఏనుగూ లేదు, ఇల్లూ లేదు, అద్దెకుంటున్నాను.

నిర్వాహకుడు:
పద్యం పంపండి, అప్పుడు చూద్దాం.

తిరువాన్మియూరు అక్కయ్య:
ఒక్క అనుమానం. మన బంగాళాఖాతం తుఫాన్లన్నీ అప్రదక్షిణంగానే తిరుగుతాయి. ఈ చిన్న సుళ్లూ అంతేనా?

పెరంబూరు మాస్టారు:
కాదమ్మా. భూభ్రమణం ప్రభావం తెలియాలంటే వందల కిలోమీటర్ల వెడల్పూ, రోజుల వ్యవధీ కావాలి. కొన్ని మీటర్ల దుమ్ముసుడికి, అదీ నిమిషాల్లో పోయేదానికి, అది లెక్కలోకే రాదు. మొదటి మెలిక ఎటు పడితే అటే.

నిర్వాహకుడు:
ఈ వారం మాస్టారి పూరణకే నా ఓటు, కుర్రాడిది వెంటనే. అక్కయ్యగారి ప్రశ్న పుణ్యమా అని వచ్చే వారం సమస్య దొరికింది. అదీ ఆటవెలది నాలుగో పాదమే:

సుడికి కుడియు నెడమ చూడ నేల