టోర్నమెంట్ తర్వాత చచ్చిపోతున్న బాస్ చేపలు: మీ క్లబ్బులో ఏం చేస్తున్నారు?

గాలం_ప్లానో:
అందరికీ నమస్కారం. మాది డల్లాస్ దగ్గర బాస్ చేపలు పట్టే చిన్న క్లబ్, పద్దెనిమిది బోట్లు. జులైలో ఒక శనివారం టోర్నమెంట్ పెట్టాం. తూకం అయ్యాక లేక్‌లోకి వదిలితే చేపలన్నీ బాగానే ఈదుకుంటూ పోయాయి. మంగళవారం మా అబ్బాయితో బోట్లు నీళ్లలోకి దింపే అదే ర్యాంపుకి వెళ్తే ఒడ్డున తొమ్మిది లార్జ్‌మౌత్ బాస్‌లు చచ్చి తేలి ఉన్నాయి. "వదిలేస్తే బతుకుతాయన్నావు కదా నాన్నా" అన్నాడు వాడు. అప్పటి నుంచి మనసు బాగాలేదు. వచ్చే నెల ఇంకో టోర్నమెంట్ ఉంది. ఏం మార్చాలో చెప్పండి.

పాతబోటు:
తమ్ముడూ, ఈదుకుంటూ పోయినంత మాత్రాన బతికినట్టు కాదు. నీళ్లు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రెండు మూడు రోజులకి పోయేవి బాగా పెరుగుతాయి. 1972లో బాస్ టోర్నమెంట్లు నడిపిన రే స్కాట్ తన పోటీల్లో చేపల్ని ప్రాణాలతో వదలడం మొదలుపెట్టాడు. మనం అక్కడితోనే ఆగిపోయాం.

లైవ్‌వెల్ (బోటులో చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టి) పంపు ఆగి ఆగి నడిచేలా టైమర్ మీద పెట్టారా? బ్యాటరీ అయిపోతుందని నేనూ ఏళ్ల తరబడి అదే తప్పు చేశాను. అయిదు చేపలు పడ్డాక పంపు ఆగకూడదు. గడ్డకట్టించిన నీళ్ల బాటిల్స్ వేసి, లేక్ నీళ్లకంటే అయిదారు డిగ్రీలు తక్కువ ఉండేలా చూడండి. మరీ చల్లబరిస్తే వదిలేటప్పుడు చేపకి ఇంకో దెబ్బ. మధ్యమధ్యలో సగం నీళ్లు మార్చండి, లేకపోతే అమ్మోనియా పేరుకుపోతుంది.

భీమవరం_బిడ్డ:
మా నాన్నగారికి చేపల చెరువులున్నాయి. తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఏరేటర్లు వేయడానికి చీకట్లో పరిగెత్తేవాళ్లం. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపకేమో ఎక్కువ కావాలి. డీఓని లీటరుకి 5 మిల్లీగ్రాముల కిందకి దిగనివ్వకూడదు.

పోయినసారి మా క్లబ్ తూకం లైనులో డీఓ మీటరు పెట్టి చూశాను. లైవ్‌వెల్‌లో బాగానే ఉంది, చేపల్ని కాటా దాకా మోసే సంచిలో పది నిమిషాలకే 3కి పడిపోయింది! అయిదు చేపలు, రెండు బకెట్ల నీళ్లు, ఎండలో నిలబడ్డ మనిషి. చేపలు అక్కడే దెబ్బతింటున్నాయండి. ఇప్పుడు మేం అయిదే సంచులు ఇస్తున్నాం. కాటా ఖాళీ అయ్యాకే పిలుస్తాం. సంచిలో రెండు నిమిషాలు దాటనివ్వం.

కయాక్_ఆస్టిన్:
మాకు లైవ్‌వెల్లే లేదు. కొలత బోర్డు మీద పెట్టి, ఫొటో తీసి, పట్టిన చోటే వదిలేస్తాం. మేజర్ లీగ్ ఫిషింగ్ వాళ్లు ప్రొఫెషనల్స్‌కి పెట్టే బాస్ ప్రో టూర్ పోటీల్లోనూ బోటులోనే తూచి వదిలేస్తారు. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సులో అయితే 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపని ఉంచుకోవడానికే లేదు.

ఇంకో లాభం ఉంది. వసంతంలో గూడు కాసేది మగ చేప. దాన్ని ఏడెనిమిది గంటలు లైవ్‌వెల్‌లో తిప్పితే బ్లూగిల్స్ అనే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. ఒక జాగ్రత్త కూడా: ముప్పై అడుగుల లోతు నుంచి చేపని లాగితే గాలితిత్తి ఉబ్బి వెల్లకిలా పడుతుంది, సూదితో గాలి తీయడం చేయి తిరిగినవాళ్లకే వదిలేయాలి.

ర్యాంపు_సందడి:
ఫొటోలైతే కళ తప్పుతుందండీ. తూకం చూడ్డానికే మా పిల్లలు, ఆడవాళ్లు వస్తారు. చేపని చేత్తో పైకెత్తితేనే వాళ్లకి పండగ.

పాతబోటు:
ఆ సరదా నాకూ ఇష్టమేనమ్మా. చలికాలం తూకం పెట్టుకుందాం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం ఫొటోలే. నా మాట వినండి.

గాలం_ప్లానో:
నిన్న మా వాళ్లందరితో మాట్లాడాను. ఆగస్టులో తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ముగిస్తాం, ఫొటో పద్ధతే. ఇద్దరు ముగ్గురు కాదన్నారు కానీ ఆ తొమ్మిది చేపల ఫొటో చూపించాక ఒప్పుకున్నారు. బోర్డు విషయంలో ఏమైనా జాగ్రత్త ఉందా?

కయాక్_ఆస్టిన్:
ఎండకి కాలిపోతుంటుంది. చేపని పెట్టే ముందు ప్రతిసారీ నీళ్లలో ముంచండి, చేతులు కూడా తడుపుకోండి. పొడిగా తగిలితే ఒంటి మీది జిగురు ఊడి ఇన్ఫెక్షన్ వస్తుంది.