తొలి కెమెరా: వాడిన డీఎస్‌ఎల్‌ఆరా, కొత్త మిర్రర్‌లెస్సా?

తొలిఅడుగు:
ఇన్నాళ్లూ ఫోనుతోనే ఫొటోలు తీసిన నేను మొదటిసారి ఒక కెమెరా కొనాలనుకుంటున్నాను. బడ్జెట్ పరిమితం, దాన్ని పెంచే ఉద్దేశం లేదు. ఆ సొమ్ముకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, నికాన్ డి3500 వంటి వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా), దానితో పాటు రెండు లెన్సులు. రెండోది, వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) లేని కొత్త మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా), దానితో వచ్చే కిట్ లెన్స్. నేను ఎక్కువగా తీసేది సాయంత్రం పూట ఇంట్లో ఆడుకునే పిల్లలను, అప్పుడప్పుడు పక్షులను. డీఎస్‌ఎల్‌ఆర్‌లకు కాలం చెల్లిందని, ఇప్పుడు వాటిపై డబ్బు పెట్టడం దండగని మిత్రులు అంటున్నారు. నాలాంటి కొత్తవారి విషయంలో కాలం చెల్లడమంటే ఏమిటో వివరించగలరా?

వెలుగునీడ:
మీ మిత్రుల మాటలో నిజం ఉంది. కానన్, నికాన్ సంస్థలు 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ ఏదీ తీసుకురాలేదు. రెండూ 2018లో ప్రారంభించిన ఆర్‌ఎఫ్, జెడ్ అనే మిర్రర్‌లెస్ మౌంట్ల (లెన్స్ బిగించే అమరికల) మీదే ఇప్పుడు వాటి శ్రద్ధ అంతా ఉంది. అయితే నేను మిర్రర్‌లెస్ వైపు మొగ్గడానికి అసలు కారణం అది కాదు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కనిపించేది లెన్స్ గుండా వచ్చి అద్దం మీద పడిన దృశ్యం కనుక, మీరు షటర్ స్పీడ్ (వెలుతురు లోపలికి పడే సమయం), ఐఎస్‌ఓ (ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే సంఖ్య) ఎంత మార్చినా అందులో తేడా తెలియదు. మిర్రర్‌లెస్ తెరపై సెన్సార్ (వెలుతురును ఫొటోగా మార్చే భాగం) చూస్తున్నదే కనిపిస్తుంది కాబట్టి, ఫొటో మరీ చీకటిగానో మరీ తెల్లగానో రాబోతోందన్న సంగతి బటన్ నొక్కక ముందే తెలిసిపోతుంది. నేర్చుకునే దశలో ఇది చిన్న సౌకర్యం కాదు. పైగా ముఖాన్ని, కంటిని గుర్తించి వెంబడించే ఆటోఫోకస్ పిల్లల ఫొటోలకు చాలా పనికివస్తుంది.

పాతకటకం:
వెలుగునీడ గారు చెప్పిన విడుదలల సంగతి నిజమే, కానీ మిత్రులు దాని నుంచి తీసిన తీర్పును నేను ఒప్పుకోను. కొత్త మోడల్ రాకపోవడం వేరు, చేతిలో ఉన్న కెమెరా పనిచేయకపోవడం వేరు. మౌంట్ల చరిత్రనే చూడండి. కానన్ ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చింది. ఆ మౌంట్ లెన్సులు అడాప్టర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే కడియం) పెడితే నేటి ఆర్‌ఎఫ్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. అదే సంస్థ 2012లో మిర్రర్‌లెస్ కోసమనే ఈఎఫ్-ఎం మౌంట్ తెచ్చి, కొన్నేళ్లకు దాన్ని వదిలేసింది. ఈఎఫ్-ఎం లెన్స్ సెన్సార్‌కు 18 మి.మీ. దూరంలో కూర్చోవాలి, ఆర్‌ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 20 మి.మీ. అంటే మామూలు అడాప్టర్‌కు అక్కడ చోటే లేదు. పాతదనుకున్న లెన్స్ కొత్త కెమెరాకు ఎక్కింది, కొత్తదనుకున్నది మూలన పడింది! కాబట్టి భవిష్యత్తు పేరుతో తొలి కెమెరాను ఎంచుకోవడం నాకు జాతకం చూసి చెప్పులు కొన్నట్టే అనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. తొలిఅడుగు గారు తీయబోయేది ఇంట్లో, సాయంత్రం, కదిలే పిల్లలను. అక్కడ కావలసింది వెలుతురు. కిట్ లెన్స్‌ను 55 మి.మీ. వరకు జూమ్ చేస్తే దాని అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు; ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. చవకలో దొరికే, జూమ్ లేని 50 మి.మీ. ప్రైమ్ లెన్స్ ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. లెన్స్ గుండా వచ్చే వెలుతురు ఎఫ్ సంఖ్య వర్గానికి విలోమంగా మారుతుంది కనుక, ఆ రెండింటి మధ్య తేడా దాదాపు 9.7 రెట్లు. బాడీ (లెన్స్ కాక మిగిలిన కెమెరా) ఎంత కొత్తదైనా ఇంత తేడాను తెచ్చిపెట్టలేదు. మెగాపిక్సెళ్ల గొడవ కూడా ఇంతే. 24 మెగాపిక్సెళ్లంటే 6000×4000 చుక్కలు, అంగుళానికి 300 చొప్పున అచ్చు వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మనలో ఎంతమంది గోడకు అంత పటం కట్టించుకున్నారు? ఉన్న సొమ్మును బాడీకీ లెన్స్‌కూ పంచాల్సి వస్తే, బాడీ వాటా తగ్గించి లెన్స్ వాటా పెంచండి. వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ ఆ వెసులుబాటు ఇస్తుంది, కొత్త మిర్రర్‌లెస్ ఇవ్వదు.

గురిచూపు:
పక్షుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ బడ్జెట్‌లో రెండు దారుల్లో దేనితోనూ పక్షులు సరిగా రావు. అలాగని భారీ జూమ్ ఉన్న చిన్న కెమెరా జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో చాలావాటి సెన్సార్ సుమారు 6.2×4.6 మి.మీ. ఉంటుంది, డి3500 సెన్సార్ సుమారు 23.5×15.6 మి.మీ. వైశాల్యంలో 13 రెట్ల తేడా. ఎండలో పక్షి బాగానే వస్తుంది, సాయంత్రం పిల్లల విషయంలో మాత్రం ఆ కెమెరా మీ ఫోను కంటే మెరుగేమీ కాదు.

వెలుగునీడ:
లెన్స్‌కే పెద్ద వాటా అన్న మాటను కాదనను. కానీ పాతకటకం గారు కానన్ చరిత్ర చెప్పి నికాన్ కెమెరాను సమర్థించినట్టయింది, అది గమనించాలి. డి3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు. మోటారు లేని పాత నికాన్ ఏఎఫ్-డి లెన్సులను చవకగా ఉన్నాయని కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవలసిందే. రేపు జెడ్ మౌంట్ కెమెరాకు మారినా నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ ఆ మోటారు లేదు. కొత్తవారు ఈ చిక్కులో సులువుగా పడతారు. రెండోది, డి3500ను కంటి దగ్గర పెట్టుకుని తీస్తే ఫోకస్ చురుగ్గానే ఉంటుంది గానీ, ఫోను అలవాటుతో వెనుక తెరలో చూస్తూ తీయబోతే అది కాంట్రాస్ట్ పద్ధతికి (లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ స్పష్టతను వెతకడం) మారి తడుముకుంటుంది. అప్పటికి పిల్లవాడు గది దాటిపోతాడు.

పాతకటకం:
రెండూ న్యాయమైన అభ్యంతరాలే. నికాన్ తీసుకుంటే మోటారు లోపలే ఉండే, ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని రాసి ఉన్న లెన్సులే చూడాలని నేను ముందే చెప్పవలసింది. తెర విషయంలో మీ మాటకు తలవంచుతాను. అందుకే జాబితాలో కానన్ 200డిని కూడా చేర్చమంటాను. 2017లో వచ్చిన ఆ డీఎస్‌ఎల్‌ఆర్‌లో డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉంది కనుక వెనుక తెరలో చూస్తూ తీసినా ఫోకస్ త్వరగా, తడబడకుండా కుదురుతుంది. ఇటు వ్యూఫైండర్ ఉంది, అటు మిర్రర్‌లెస్ సుఖంలో కొంత భాగమూ ఉంది.

వాడినది కొనేటప్పుడు చూడవలసినవి కూడా చెబుతాను. ఈ తరగతి కెమెరాల షటర్‌ను సాధారణంగా లక్ష క్లిక్కులకు పరీక్షిస్తారు. నికాన్ తీసిన ఫొటో ఫైలులోనే ఆ లెక్క నమోదై ఉంటుంది, కానన్‌లో అంత సులువుగా దొరకదు. కాబట్టి అమ్మేవారి మాట కంటే గ్రిప్ రబ్బరు అరుగుదల, బటన్ల స్థితి ఎక్కువ నిజం చెబుతాయి. లెన్స్ వెనుక నుంచి టార్చి వేసి లోపల సాలెగూడు వంటి బూజు ఉందేమో చూడండి, ఉంటే బేరం కూడా ఆడవద్దు. అపెర్చర్‌ను ఎఫ్/16కు తగ్గించి తెల్లని గోడను ఒక ఫొటో తీస్తే సెన్సార్ మీది దుమ్ము నల్లని మచ్చలుగా బయటపడుతుంది. దుమ్ము తుడిస్తే పోతుంది, గీత పోదు.

తొలిఅడుగు:
అందరికీ కృతజ్ఞతలు. ఒక బంధువు దగ్గర 200డి ఉందని తెలిసి రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. సాయంత్రం గదిలో కిట్ లెన్స్‌ను 55 మి.మీ. దగ్గర ఉంచితే షటర్ స్పీడ్ 1/13 సెకను వచ్చింది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్నందున వెనుక బీరువా స్పష్టంగా ఉంది, పాప చేతులు మాత్రం పొగలా వచ్చాయి. ఐఎస్‌ఓ మార్చకుండానే ఎఫ్/1.8 వద్ద 50 మి.మీ. లెన్స్‌తో తీస్తే 1/125 వచ్చింది, చేతివేళ్లు కూడా విడివిడిగా కనిపించాయి. పాతకటకం గారి లెక్క కళ్లారా చూశాను.

అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ సెన్సార్ మీద 50 మి.మీ. అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) లెక్కలో 80 మి.మీ. అవుతోంది, అంటే దృశ్యం ఇరుకవుతోంది. ఇద్దరు పిల్లలూ ఫొటోలో పట్టాలంటే నా వీపు గోడకు ఆనుతోంది. 24 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ ఒకటి ఉందని చూశాను, అది నయమా?

వెలుగునీడ:
వెడల్పు దొరుకుతుంది గానీ వెలుతురు మీరు ఆశించినంత రాదు. 24 మి.మీ. దగ్గర మీ కిట్ లెన్స్ కూడా దాదాపు ఎఫ్/4 వరకు తెరుచుకుంటుంది, కనుక ఎఫ్/2.8 వల్ల కలిగే లాభం రెండింతలే. ఇద్దరినీ కలిపి తీయడమే మీకు ముఖ్యమైతే, నేను మొదట చెప్పిన మిర్రర్‌లెస్‌తోనూ ఇదే చిక్కు వచ్చేది. దాన్ని నేనూ ఒప్పుకోవాలి.

తొలిఅడుగు:
అలాగైతే వాడిన 200డి, కిట్ లెన్స్, 50 మి.మీ. ప్రైమ్ తీసుకుంటాను. ఇద్దరినీ కలిపి తీయాలంటే పగలు కిటికీ పక్కన కిట్ లెన్స్ వాడతాను, రాత్రి ఒక్కొక్కరినే తీస్తాను. పక్షుల లెన్స్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.