సెవెర్న్ నదిలో గాలం: అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

నర్సాపురం_గాలం (మే 4)
అందరికీ నమస్కారం. ఉద్యోగానికి ఇంగ్లండ్‌లోని వూస్టర్ వచ్చి ఆరు నెలలైంది. నడిచి వెళ్ళే దూరంలోనే సెవెర్న్. వశిష్ఠ గోదావరి గట్టున వెదురు గాలంతో పెరిగినవాణ్ణి, ఈ నీళ్ళు చూస్తే చెయ్యి ఊరుకోవట్లేదు. రాడ్ లైసెన్స్ (గాలం వెయ్యడానికి సర్కారు అనుమతి) ఆన్‌లైన్‌లో తీసుకున్నా. ఇక వెళ్ళి గాలం వేసెయ్యొచ్చా? పడిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా?

బ్యూడ్లీ_శీను
తమ్ముడూ, ఆగు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా బార్బెల్, చబ్ లాంటి చేపలకి నదుల్లో గాలం వెయ్యకూడదు. గుడ్లు పెట్టే కాలం. జూన్ 16 తెల్లారితే మాకు పండగే.

లైసెన్స్ ఉన్నంత మాత్రాన గట్టు మనది కాదు. చాలా గట్లు యాంగ్లింగ్ (గాలం వేసేవాళ్ళ) క్లబ్బుల చేతిలో ఉంటాయి, వాళ్ళ దగ్గర డే టికెట్ కొనాలి. మొదటి ఏడాది నాకిది తెలీదు. గట్టు మీద తనిఖీ చేసే బెయిలిఫ్ పెద్దాయన వచ్చి లైసెన్స్ చూసి, "మరి టికెట్?" అన్నారు. మర్యాదగానే అడిగారు, నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

వించెస్టర్_లక్ష్మి
మా ఇచెన్ నది పద్ధతే వేరండీ. సుద్దనేలలో ఊరిన నీరు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. ట్రౌట్ చేపకి ఎర ఉండదు, ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగే. టికెట్ ధర మాత్రం బాగా ఎక్కువ.

బ్యూడ్లీ_శీను
చేప తెచ్చుకోవడం గురించి. 20 సెంటీమీటర్ల లోపు చిన్నవి రోజుకి 15 దాకా చట్టం ఒప్పుకుంటుంది, అదీ గట్టు యజమాని సరేనంటేనే. పెద్ద బార్బెల్‌ని తిరిగి వదలాల్సిందే. సెవెర్న్‌లో ఈ చేప మొదట్నుంచీ లేదు, 1956లో కెన్నెట్ నది నుంచి తెచ్చి వదిలారు. అందుకే ఇక్కడివాళ్ళు దాన్ని బిడ్డలా చూస్తారు.

వదిలేటప్పుడు తొందరపడకు. బార్బెల్ ప్రాణం పెట్టి పోరాడి అలిసిపోతుంది. అలాగే వదిలేస్తే వెల్లకిలా తేలిపోతుంది. నీళ్ళలో రెండు చేతుల మీదా పట్టుకుని, తల ఏటికి ఎదురుగా పెట్టు. దానంతటది తోక కొట్టేదాకా పట్టుకునే ఉండు.

నర్సాపురం_గాలం (జూన్ 29)
శీనన్నా, పడింది! లంచన్ మీట్ (డబ్బా మాంసం) ముక్క గుచ్చి గంటన్నర కూర్చున్నా. రాడ్ ఒక్కసారిగా విల్లులా వంగింది, చేతిలో లేకపోతే ఏట్లోకి పోయేదే. తడిపిన మ్యాట్ మీద చేపని పెట్టి గాలం తీశాను. బంగారు రంగు ఒళ్ళు, నారింజ రెక్కలు, మూతికి నాలుగు మీసాలు. తూకం వెయ్యలేదు, అప్పటికే అది బాగా అలిసింది. మోకాలి లోతు నీళ్ళలో పట్టుకుని నిలబడ్డా. మొప్పలు మెల్లగా ఆడటం అరచేతికి తెలుస్తూనే ఉంది. నాలుగైదు నిమిషాలకి ఒక్క తోపు తోసి వెళ్ళిపోయింది. నా మొహమంతా నీళ్ళు.

మా నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "ఎంత చేపరా, పులుసు పెట్టారా?" అన్నారు. వదిలేశానని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాగా ఈదుకుంటూ పోయిందా?" అని అడిగారు.