గేటు దగ్గర ‘ప్రమాదరహిత దినాల’ బోర్డు: ఉంచాలా, తీసేయాలా?

షిఫ్ట్ ఇన్‌చార్జి

మా మందుల ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక బోర్డు ఉంది. గాయం వల్ల ఒక్క పనిదినమూ పోకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద వేస్తారు. రోజూ ఉదయం సెక్యూరిటీ గార్డు వచ్చి అంకె మారుస్తాడు. ఇప్పుడు యాజమాన్యం దానికి బోనస్ కూడా జత చేస్తానంటోంది. ఏడాదంతా ఆ లెక్క తెగకపోతే విభాగంలో అందరికీ డబ్బు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ఈమధ్య సెంట్రిఫ్యూజ్ (మందు పదార్థాన్ని వేగంగా తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర పనిచేస్తూ ఒక కాంట్రాక్టు కుర్రాడి కుడి అరచెయ్యి చీరుకుపోయింది. కుట్లు పడ్డాయి. మర్నాడు అతన్ని ఇంటి దగ్గర కారెక్కించుకుని తీసుకొచ్చి, స్టోర్సులో ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎడమ చేత్తో హాజరు సంతకం పెట్టాడు. వారమంతా అదే పని. గాయపడిన మనిషి 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతే తనిఖీ అధికారికి తెలియజేయాలని చట్టంలో రాసిపెట్టారు. వచ్చి కూర్చుంటే ఆ తలనొప్పి ఉండదు కదా! బోర్డు మీద అంకె హాయిగా పెరిగింది.

డబ్బు లేనప్పుడే ఇలా ఉంటే, రేపు బోనస్ కలిశాక ఎలా ఉంటుంది? మీ ఫ్యాక్టరీల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

సేఫ్టీ ఆఫీసర్

మీరు చెప్పింది మోసం. మోసం చేసినవారిని వదిలేసి బోర్డును తిడుతున్నారు.

యంత్రానికి రక్షణ కవచం వేయించాలని ఫైలు పెడితే ‘వచ్చే త్రైమాసికంలో చూద్దాం’ అంటారు. గేటు దగ్గర అంకె సున్నాకు పడిన మర్నాడు అదే ఫైలు సాయంత్రంలోగా సంతకమై వస్తుంది. పై అధికారులకు అర్థమయ్యే భాష అంకెలే. 1987లో అమెరికా అల్యూమినియం కంపెనీ అల్కోవా పగ్గాలు చేపట్టిన పాల్ ఓనీల్, మదుపరులతో తొలి సమావేశంలో లాభాల ఊసెత్తకుండా సున్నా గాయాలే తన లక్ష్యమన్నారు. అందరూ విస్తుపోయారు. ఆయన హయాంలో గాయాల వల్ల పోయే పనిదినాల రేటు వంద మందికి 1.86 నుంచి 0.2కు దిగింది. మెక్సికో ప్లాంటులో కార్మికులు విషవాయువు పీల్చి అస్వస్థులైన సంగతి పైకి చెప్పలేదని ఒక సీనియర్ అధికారిని ఆయనే ఇంటికి పంపించారు. మీ దగ్గర ఆ కుర్చీ వేయించిన మేనేజర్ ఉద్యోగం ఊడి ఉంటే, ఇంకో కుర్చీ పడేదా?

కాంట్రాక్టు ఫిట్టర్

దాచమని మాకు ఎవరూ చెప్పరు సార్. చెప్పాల్సిన అవసరం లేదు. విభాగం మొత్తానికి బోనస్ అంటే, దెబ్బ తగిలినవాడే అందరి ముందూ దోషి అవుతాడు. ‘నీ వేలు మా పండగ ఖర్చు మింగేసింది’ అంటారు. మేస్త్రీ ఏమీ అనడు. నెల తిరిగాక గేటు పాసు మాత్రం రాదు.

మా షెడ్డులో ఒకాయన వేలు మీద ఫ్లాంజి (పైపులను కలిపే ఇనుప చక్రం) పడి నలిగితే, బైకు మీద నుంచి పడ్డానని రాయించుకున్నాడు. పనిలో తగిలిన దెబ్బకు ఈఎస్ఐ వేతనంలో 90 శాతం ఇస్తుంది. మామూలు అనారోగ్యమైతే 70 శాతమే. ఆ తేడా ఆయన జేబులోంచే పోయింది. రేపు ఆ వేలు వంగకపోతే వచ్చే వైకల్య పింఛను కూడా పోయినట్టే. ఓనీల్ గారు మంచివారే కావచ్చు, మా మేస్త్రీ ఆయన దగ్గర పనిచేయడు.

ప్రాసెస్ ఇంజినీరు

మోసం లేదనే అనుకుందాం. అయినా ఆ అంకె పెద్ద ప్రమాదం గురించి ఏమీ చెప్పదు.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ పేలి 11 మంది చనిపోయారు. పనిదినం పోయే గాయం లేకుండా ఏడేళ్లు పూర్తి చేసినందుకు అభినందించడానికి వచ్చిన పెద్ద అధికారులు ఆ రాత్రి రిగ్ మీదే ఉన్నారు. 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు రిఫైనరీలో పేలుడుకు 15 మంది పోయాక వేసిన బేకర్ కమిటీ కూడా ఇదే పట్టుకుంది: చిన్న గాయాలు తగ్గాయి కాబట్టి ప్లాంటు భద్రంగా ఉందని యాజమాన్యం నమ్మింది. ఈ నమ్మకం 1931 నాటి హైన్రిచ్ త్రికోణం నుంచి వచ్చింది. ఒక పెద్ద గాయం, కింద 29 చిన్నవి, వాటి కింద గాయమే లేని 300 సంఘటనలు. కింది మెట్టు తగ్గిస్తే పైమెట్టు తనంతట తానే తగ్గుతుందని చాలామంది చదువుకున్నారు. కానీ కాలు జారడానికి, రసాయన రియాక్టర్‌లో పీడనం అదుపు తప్పడానికి కారణాలు ఒకటి కావు.

మన విశాఖలోనే చూడండి. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగునే ఉందని విచారణ కమిటీ తేల్చింది. కింద రీడింగు మామూలుగా ఉంది, పైపొరలు ఉడికిపోయాయి. గేటు బోర్డు చేసే పని కూడా ఇదే.

సేఫ్టీ ఆఫీసర్

టెక్సాస్ సంగతి ఒప్పుకుంటాను. అయితే మన దగ్గర ప్రాణాలు పోయేది పేలుళ్లలోనే అనుకోకండి. రేకుల కప్పు మీంచి పడేవాళ్లు, ఆక్సిజన్ చూడకుండా ట్యాంకులోకి దిగేవాళ్లు, వాళ్లను తీయబోయి వెనకే దిగేవాళ్లు... వీళ్ల లెక్క ఎవరు చూస్తారు?

ఇక గాయాల బదులు నియర్ మిస్‌లు (త్రుటిలో తప్పిన ప్రమాదాలు) లెక్కపెట్టమంటారేమో, అదీ చేసి చూశాం. మనిషికి నెలకు రెండు కార్డులని నియమం పెట్టాం. నెలాఖరున కట్టలు కట్టలుగా వచ్చాయి. అన్నింటిలోనూ ‘మెట్ల దగ్గర నూనె మరక’, సగం ఒకే చేతిరాత. అవి చదివి చదివి ఆ మెట్ల మీద నాకే భయం పట్టుకుంది.

షిఫ్ట్ ఇన్‌చార్జి

అంటే ఏ అంకెకు డబ్బు ముడిపెట్టినా అది వంకర పోతుందని మీరే చెబుతున్నారు. బోనస్ వద్దన్న మాట దగ్గర మనం కలిసినట్టే.

బోర్డు ఉంచాలనే అయితే దాని మీద అంకె మార్చాలి. కార్మికులు చూపించిన లోపాల్లో ఇంకా సరిచేయనివి ఎన్ని, వాటిలో అన్నింటికన్నా పాతది ఎన్ని రోజులది, అది వేయండి. అది పెరిగితే సిగ్గుపడాల్సింది యాజమాన్యం, దెబ్బ తిన్నవాడు కాదు. ఫిర్యాదు కూడా పై అధికారి చేతికి నేరుగా వెళ్లకూడదు. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లను 1976 నుంచి నాసాకు రాస్తున్నారు, లైసెన్సు ఇచ్చే సంస్థకు కాదు. పేర్లు బయటకు రావు కాబట్టే రాస్తున్నారు. మా భద్రతా కమిటీలో ఇదే ప్రతిపాదిస్తాను.

కాంట్రాక్టు ఫిట్టర్

ఆ కమిటీలో మా కాంట్రాక్టువాళ్లు ఎవరైనా ఉన్నారా సార్?

షిఫ్ట్ ఇన్‌చార్జి

లేరు. కార్మికుల తరఫున ఉన్నవారంతా పర్మనెంట్ ఉద్యోగులే. రియాక్టర్ శుభ్రం చేసేది, బస్తాలు మోసేది మాత్రం మీరే.

సేఫ్టీ ఆఫీసర్

మా దగ్గరా అంతే. భోపాల్ తర్వాత 1987లో ఈ కమిటీని చట్టంలో చేర్చినప్పుడు కార్మికులు, యాజమాన్యం సమానంగా ఉండాలన్నారు. కార్మికులంటే ఎవరన్నది మా సౌకర్యం కొద్దీ చదువుకున్నాం. మీ బోర్డు సంగతి ఇంకా ఒప్పుకోను, గాయాల అంకె ఉండాల్సిందే. కాకపోతే అందులో కాంట్రాక్టువాళ్ల గాయాలూ కలవాలి, ప్రథమ చికిత్స రిజిస్టరుతో నెలనెలా సరిచూడాలి. అలా చేస్తే మా గేటు అంకె ఈ వారమే సున్నాకు వస్తుంది.